‘కానీ’ ఎక్కడ వస్తుంది?

తల్లిదండ్రులకు నమస్కారం.

తొమ్మిదో తరగతి పిల్లలు విజయం మీద రాసిన వ్యాసాలు దిద్దాను. దాదాపు అందరూ ‘కృషితో నాస్తి దుర్భిక్షం’తో మొదలుపెట్టి, ‘కాబట్టి అందరూ కష్టపడాలి’ అని ముగించారు. మధ్యలో వాదన లేదు. లోపం పిల్లలది కాదు. వాదన ఎలా కడతారో మేమే చూపించలేదు.

అందుకే ఇంగ్లీషు రచయిత ఫ్రాన్సిస్ బేకన్ అదృష్టం మీద రాసిన వ్యాసాన్ని తరగతిలో తెలుగులో చెప్పుకుంటూ చదివాం. ఆయన వ్యాసాల 1612 నాటి కూర్పులో చేరిన చిన్న వ్యాసమది. బేకన్ ముందు ఎదుటివాడి మాట ఒప్పుకుంటాడు: పెద్దల ఆదరణ, అవకాశం, ఇతరుల మరణం వంటి బయటి సంగతులు మనిషి భాగ్యాన్ని మలుస్తాయంటాడు. ఆ తరువాతే ‘కానీ’ అని, ఆ భాగ్యాన్ని పోతపోసే మూస ముఖ్యంగా మనిషి చేతిలోనే ఉందంటాడు. ఆపైన పాలపుంత పోలిక తెస్తాడు. విడివిడిగా కంటికి ఆనని చుక్కలన్నీ కలిసి వెలుగిచ్చినట్టు, ఎవరూ గమనించని చిన్న గుణాలు, అలవాట్లు కలిసి మనిషిని పైకి తెస్తాయట. ఇక్కడ ఒక అమ్మాయి లేచి, “అదృష్టమంటేనే కనబడనిది కదా టీచర్!” అంది. పాఠం ఆపి ఆ మాటను బోర్డు మీద రాశాను.

చివర్లో ఏథెన్సు సేనాని తిమోతియస్ వస్తాడు. ‘ఇందులో అదృష్టం పాలు లేదు’ అని మాటిమాటికీ చెప్పుకున్నాక అతనికి ఏ పనీ కలిసిరాలేదట. అంతా మన చేతిలోనే ఉందనుకోకండని బేకన్ తన వాదనకు తానే హద్దు గీశాడు. నాకు బాగా నచ్చిన చోటు ఇదే.

తరువాత మన ఊరి సంగతి తీశాను. గిడుగు రామమూర్తి గారు 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో ఉపాధ్యాయులుగా చేరారు. ఇక్కడి గిరిజనులైన సవరల భాషకు ఆయన రాసిన వ్యాకరణం అచ్చయింది 1931లో. ఆ యాభై ఏళ్ళు ‘కానీ’కి ముందు చెప్పే బయటి సంగతుల్లోకి వస్తాయా, వెనక చెప్పే మనిషి చేతిలోని వాటిలోకా? సవరలున్న ప్రాంతంలో ఉద్యోగం దొరకడం ఆయన చేతిలో లేదు కాబట్టి ముందుకే అన్నాడు ఒక అబ్బాయి. ఉద్యోగం సరే, భాష నేర్చుకోమని ఎవరు చెప్పారని అడిగాడు పక్కవాడు. గంట కొట్టినా తగువు తెగలేదు.

పిల్లలు ఇప్పుడు అదే వ్యాసం మళ్ళీ రాస్తున్నారు. దయచేసి ఫోనులో వెతికి సూక్తులు అందించకండి. రాసింది చదివించుకుని, “నీ మాట ఒప్పుకోనివాళ్ళు ఏమంటారు?” అని అడగండి. తెలుగులోనైనా, ఒడియాలోనైనా సరే. మీకు తోచిన అభ్యంతరాన్ని పుస్తకం అంచున పెన్సిలుతో రాసి, శనివారంలోగా పంపండి.

మీ ప్రధానోపాధ్యాయురాలు,
పర్లాకిమిడి