ఐదో పుస్తకం పంపురా, సీనా

అనంతపురం,
ఆదివారం సాయంత్రం

ఒరేయ్ సీనా,

నీ ఉత్తరం వచ్చి మూడు నెలలైంది. జవాబు రాయనందుకు ముందే చెంపలేసుకుంటున్నా, తిట్టొద్దు. రెండుసార్లు మొదలుపెట్టా. మొదటిసారి సగం రాసిన కాగితంతో మా చిన్నది పడవ చేసింది. రెండోసారి నాదే బద్ధకం. ఇక్కడందరం బాగున్నాం. నాయనకు కంటి ఆపరేషన్ అయింది, ఇప్పుడు పేపర్లో టెండర్ ప్రకటనలు కూడా గట్టిగా చదివి వినిపిస్తున్నాడు. చెనిక్కాయ ఈసారీ అంతంతే. మీ చెల్లెలు నిన్ను అడిగానని రాయమంది. వార్తలు అయిపోయాయి.

ఇప్పుడు అసలు సంగతి. నువ్వు నా పుస్తకం ఎత్తుకుపోయి ఎన్నేళ్లయిందో లెక్కేశావా? పెర్సీ జాక్సన్ ఐదో భాగంరా, గ్రీకు దేవుడికి పుట్టిన పిల్లోడి కథ. 2010లో, హాస్టల్ ఖాళీ చేసే ముందు. "రెండ్రోజుల్లో ఇస్తా" అన్నావు, మూడో రోజు బెంగుళూరు బండెక్కావు. నేను అందులో ఒక్క పేజీ కూడా చదవలేదు. నువ్వు తెచ్చిచ్చేదాకా వేరే కాపీ ముట్టనని గుత్తి బస్సులో ప్రమాణం చేశా, గుర్తుందా? నువ్వు నవ్వావు. నేను మాత్రం నిలబెట్టుకున్నా. (ఆ బస్సులోనే కోడిగుడ్ల గురించి నువ్వు కూడా ఒక ప్రమాణం చేశావు. వారం తిరక్కుండానే తప్పావు. దాని గురించి ఇక్కడ రాయను, మీ చెల్లెలు ఈ ఉత్తరం చదువుతుంది.)

ఆ ప్రమాణం ఇన్నేళ్లకు నా మెడకు చుట్టుకుంది. మొదట్నుంచీ చెప్తా.

ఎండాకాలం సెలవుల్లో రాత్రి కరెంటు పోతే అందరం మిద్దెక్కుతాం. కథ చెప్పమని మావాడు ప్రాణం తీశాడు. నాకొచ్చిన కథలు మూడే, మూడూ వాడికి కంఠతా వచ్చు. సరేలెమ్మని ట్రంకు పెట్టె అడుగు నుంచి మొదటి భాగం తీశా. అదేరా, 2005లో వచ్చింది, మనం సగం ధరకు కొన్నది. అట్ట మీద నీ టీ గ్లాసు ముద్ర ఇంకా ఉంది. చంకలో టార్చి, కళ్ల ముందు ఇంగ్లీషు, నోట్లో తెలుగు. నా ఇంగ్లీషు సంగతి నీకు తెలుసు కదా, అర్థం కాని చోట దగ్గుతా.

మొదటి రాత్రి మా ఇద్దరు పిల్లలే. మూడో రాత్రికి పక్కింటోళ్లిద్దరు. పదో రాత్రికి పదకొండు మంది పిల్లకాయలు, పన్నెండోది మా అమ్మ. ఆమె వచ్చింది కథకు కాదు, చల్లగాలికి. అట్లనే అంది.

పెర్సీ అన్న పేరు అమ్మకు నోరు తిరగలేదు, పర్సుగాడు అంది. వాడి స్నేహితురాలు అన్నాబెత్ అన్నపూర్ణ అయింది. ఇప్పుడు వీధంతా అదే వాడుక. పెర్సీ ఎద్దు తల రాక్షసుడి కొమ్ము విరిచి దాంతోనే పొడిచినప్పుడు పిల్లలు చప్పట్లు కొట్టారు, అమ్మ మాత్రం "మహిషాసురుడే గదరా, పేరు మార్చినారు" అని కాళ్లు చాపుకుంది. నడుము కింద గుర్రమైన కైరాన్ మాస్టారి దగ్గర పెద్ద రభసే జరిగింది. "తుంబురునికి మొగం గుర్రం. వీనికి ఒళ్లు గుర్రమా? ఎట్ల కూచుంటాడురా?" అని అడిగితే నాకేం తెలుసు, దగ్గా.

దేవుళ్ల పిల్లలుండే శిబిరానికి కాపలాగా చెట్టయిపోయిన థాలియా ఉంది చూడు, ఆ భాగం అమ్మకు తెగ నచ్చింది. "మా తిమ్మమ్మ మర్రిమాను గూడా అట్ల లేచిందే" అని కదిరి వైపు తిరిగి దండం పెట్టుకుంది. రెండో భాగంలో ఆ చెట్టుకు విషం ఎక్కిందని చెప్పిన రాత్రి ఆమె సరిగ్గా నిద్రపోలేదు. పొద్దున్నే కాఫీ కూడా తాగకుండా "చెట్టు బతుకుతుందా లేదా, అది చెప్పి ఆఫీసుకు పో" అంది. చెప్పేశా. నీకు చెప్పినట్టు కాదులే, మెస్‌లో చెంబు విసిరావు చూడు, అంత అవలేదు.

పెర్సీ నేస్తం, మేకకాళ్ల గ్రోవర్ రేకు డబ్బాలు నములుతాడని చెప్తే, మా వీధి చివర మేకలు మేపే ఆయన కొడుకు లేచి నిలబడ్డాడు. "మేకలు డబ్బాలు తినవు సార్, డబ్బా మీద కాయితం తింటాయి." రాసినాయనకు ఆ తప్పు తెలియజెయ్యాలట. ఆ బాధ్యత కూడా నా మీదే పెట్టాడు.

ఇంట్లో ఒక్క పెన్నుకూ మూత లేదురా. పెర్సీ పెన్నులాగా మూత పీకితే కత్తి కావాలి కదా! ఈ ఉత్తరం రాస్తున్న పెన్నుకూ లేదు, జేబు చూస్తే తెలుస్తుంది. ఆ నీలం తిండి గోల ఇంకొకటి. పెర్సీ వాళ్లమ్మ అన్నీ నీలంగా వండుతుందని ఎందుకు చెప్పానో నాకే తెలీదు. పిల్లకాయలంతా మీ చెల్లెలి మీద పడ్డారు. ఆమె ఏం చేసిందో తెలుసా, గోడ మీది శంఖుపూలు కోసి, నీళ్లలో మరగబెట్టి, ఆ నీళ్లతో బియ్యం వండింది. అన్నం కృష్ణుడి బొమ్మ రంగులో దిగింది. పసుపు వెయ్యకుండా తిరగమోత పెట్టి, చిత్రాన్నం కదా అని నిమ్మకాయ పిండింది. పిండిన చోటల్లా నీలం పోయి ఊదారంగు తిరిగింది! పదకొండు మందీ నోళ్లు తెరిచారు. ఒకడైతే గిన్నెలోకి తొంగి చూసి "అక్కా, నువ్వు ఏ దేవుడి కూతురివి?" అన్నాడు. మీ చెల్లెలు ఆ రోజంతా నేల మీద నడవలేదు.

ఆ అడిగినవాడు పక్కింటి రెండోవాడు, ఆరో తరగతి. పెర్సీకి పేజీలో అక్షరాలు కుదురుగా ఉండవని, వాడి బుర్ర పాత గ్రీకు భాషకు అమరిపోయిందని చెప్తుంటే మెల్లగా నా పక్కకు జరిగి "నాకూ ఎగురుతాయి సార్" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నీకు చెప్పానో లేదో, ఈ కథలు రాసిన రిక్ రియోర్డన్ టెక్సస్‌లో బడి పంతులుగా ఉండేవాడట. కొడుక్కు అదే ఇబ్బంది. రాత్రిపూట వాడికి గ్రీకు పురాణాలు చెప్తూ చెప్తూ, ఉన్నవి అయిపోతే ఈ పెర్సీని పుట్టించాడు. ఈ పక్కింటివాణ్ణి బళ్లో రోజూ నిలబెట్టి చదివిస్తారంట. వాళ్ల నాయనతో మాట్లాడాలి. మాట ఎట్ల ఎత్తాలో... చూద్దాం.

మూడో భాగం. పెర్సీ ఆకాశం మోసే చోటు. నాకు అమ్మవారు పోసి ఒంటరిగా గదిలో పడేస్తే, నువ్వు కిటికీ బయట ఎండలో నిలబడి ఇదే చదివి వినిపించావు. వేపాకుల వాసన, నీ గొంతు, మధ్యమధ్యలో "ఏం మామా, మోస్తాండావా?" మిద్దె మీద ఆ పేజీ వచ్చేసరికి నాకు మాట పెగల్లేదు. పిల్లలు ఆకాశం బరువుకనుకున్నారు. అమ్మ మాత్రం "కిష్నుడు కొండను చిటికెనేలు మీద ఎత్తె, ఈ పిల్లోడు ఇంత అల్లాడిపాయెనే" అని కొంగుతో ముక్కు తుడుచుకుంది. సరే, వదిలెయ్. అసలు చెప్పాల్సింది ఇంకా చెప్పనేలేదు.

నాలుగో భాగం పోయిన వారం ముగిసింది. దేవుళ్ల మీద తిరగబడ్డ లూకా ఒంట్లోకి వాళ్ల పాత శత్రువు క్రోనస్ దూరాడు, పెర్సీకి పదిహేను నిండాయి, పదహారుకు గండం. "పదహారంటే మార్కండేయుడే. వీడు చావడు, రాసి పెట్టుకోండి" అని అమ్మ తేల్చేసింది. సగంమంది చస్తాడని, సగంమంది చావడని శేరు చెనిక్కాయలు పందెం కాసుకున్నారు. "రేపు ఐదోది" అన్నారు. నా దగ్గర ఏముంది? నీ టీ గ్లాసు ముద్ర తప్ప!

లేదని చెప్పొచ్చు కదా అంటావు. పదకొండు జతల కళ్లు చూసుంటే నువ్వూ చెప్పలేకపోయేవాడివి. ఇంట్లో దొరికిన ఒక పుస్తకానికి న్యూస్‌పేపరు అట్ట వేసి, టార్చి కొట్టి, గంభీరంగా పేజీలు తిప్పుతూ సొంత కథ మొదలుపెట్టా. పెర్సీని గుత్తి కోటకు తెచ్చా. గ్రోవర్ చేత నాలుగొందల మేకల్ని పోగు చేయించా. క్రోనస్ కొండెక్కలేక ఆయాసపడుతుంటే పిల్లలు పడీపడీ నవ్వారు. నాకు గర్వం కూడా వచ్చిందిరా, నిజం. రచయితనైపోదామా అనిపించింది.

నాలుగో రాత్రి అమ్మ చెయ్యెత్తింది. "రేయ్, ఆపు. ఇది వాళ్ల కత కాదు, నీ కత."

"ఎట్ల చెప్తావు?" అన్నా.

"నాలుగు దినాలాయె, ఎవురూ సావలేదు. మూడో దాంట్లో ఆ పిల్ల సచ్చి సుక్కయిపాయె, నాలుగో దాంట్లో ఆ అడివి దేవుడు పాయె. అట్ల ఏడిపించేటోడు ఇన్ని దినాలు నవ్విస్తాడా?"

ఎవరూ కదల్లేదు. మావాడు లేచి నా చేతిలో పుస్తకం లాక్కుని న్యూస్‌పేపరు పీకాడు. లోపల పంచాంగం. ఈ ఏడాదిదే.

"ఓరి నీ... నాలుగు దినాలుగా పంచాంగం కోసం అటకంతా దులుపుతాండా! ఏకాదశి నిన్ననా ఈ పొద్దా తెలీక నిన్నంతా పస్తుండాను!" అమ్మ నా వీపు మీద ఒకటి వేసింది. నాకు పిల్లలున్నారని కూడా చూడలేదు. పదకొండు మందీ "చీటింగ్, చీటింగ్" అని మిద్దె అదిరేలా అరిచారు. కింద నాయన ఏమైందోనని టార్చి పట్టుకుని మెట్ల దగ్గరికి వచ్చాడు.

తర్వాత పంచాయితీ. ప్రమాణం సంగతి చెప్పి వేరే కాపీ కొననన్నా. "నీ ప్రమాణం నీది, మాకేం?" అని మావాడు. అమ్మ మాత్రం నా పక్షమే, ఒట్టు ఒట్టేనంది. చివరికి నీకు పది రోజులు గడువు. నీ పేరు ఇప్పుడు వీధంతా తెలుసు, మొదటి భాగం పేరులోని మెరుపు దొంగ కాదు, పుస్తకం దొంగ. పంపకపోతే మేకల పిల్లోడితో సహా అందరూ బెంగుళూరు వస్తారట, నీళ్ల డ్రమ్ము దగ్గర వాడే లెక్క రాశాడు, టిక్కెట్లకు ఎంతవుతుందో.

అందుకని ఈ ఉత్తరం అందిన రోజే కొరియర్ చెయ్. అట్ట చిరిగినా ఫర్వాలేదు. చివర ఏమవుతుందో మాత్రం ఫోన్లో నోరు జారావంటే చూడు. పారేశానని అనవు కదా? అనకు. నువ్వే తెస్తే ఇంకా మంచిది, చిత్రాన్నం ఏ రంగులో కావాలో ముందే చెప్పు, గోడ మీద పూలు ఇంకా ఉన్నాయి. వస్తే ఆ పక్కింటివాడితో కూడా ఒకసారి నువ్వు

ఉండు, కొళాయికి నీళ్లొచ్చాయి. రెండ్రోజుల తర్వాత ఇప్పుడే రావడం. బిందెలు