పసిపిల్లల ఆటల ఉపసంఘం: 2024–25 వార్షిక నివేదిక

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

కిందటి సర్వసభ్య సమావేశంలో మీరు చేసిన తీర్మానం ప్రకారం అయిదేళ్ళలోపు పిల్లల ఆటపాటల కోసం ఏర్పడిన మా ఉపసంఘం ఈ సంవత్సరం చేసిన పనులనూ, చేయబోయి చేయలేకపోయినవాటినీ ఈ నివేదికలో మీ ముందు ఉంచుతున్నాము. జమాఖర్చుల పట్టిక కోశాధికారిగారి నివేదికతో జతచేసి ఉన్నందున ఇక్కడ వాటి జోలికి పోవడం లేదు.

ఈ తీర్మానం ఎందుకు అవసరమైందో కొత్తగా చేరిన సభ్యుల కోసం ఒక మాట చెప్పాలి. మన కాలనీలో విడి ఇళ్ళు ఒక్కటొక్కటిగా అపార్ట్‌మెంట్లుగా మారినకొద్దీ వాకిళ్ళూ పెరళ్ళూ పోయాయి. సెల్లార్ కార్లకు సరిపోయింది, మేడమీది తలుపుకు తాళం పడింది, వీధిలో వదులుదామంటే బైకుల భయం, కుక్కల భయం. తల్లిదండ్రుల అశ్రద్ధ ఇందులో ఏమీ లేదు. కాలు మోపే చోటు లేకనే మన పసివాళ్ళు రోజులో ఎక్కువసేపు సోఫాలోనో, తోపుడుబండిలోనో, ఒకరి చంకలోనో ఉండిపోతున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో వెలువరించిన మార్గదర్శకాల ప్రకారం ఏడాది నుంచి నాలుగేళ్ళ వయసు పిల్లలు రోజు మొత్తంమీద కనీసం 180 నిమిషాలు ఏదో ఒక కదలికలో ఉండాలి, మూడేళ్ళు నిండినవారికి అందులో కనీసం 60 నిమిషాలు ఒళ్ళు అలిసే ఆట కావాలి, ఏకబిగిన గంటకు మించి ఏ బండిలోనూ కుర్చీలోనూ కట్టి కూర్చోబెట్టకూడదు. మూడు గంటలా అని మొదట అందరమూ గుండెలు బాదుకున్నాము కానీ, పొద్దుటినుంచి రాత్రివరకు పది, పదిహేను నిమిషాల చొప్పున కూడుకుంటూ పోతే అదేమంత పెద్ద లెక్క కాదు.

మెడ నిలపడం, బోర్లాపడడం, కూర్చోవడం, పారాడడం, నడవడం, గెంతడం వంటి పనులన్నీ ఒంట్లోని పెద్ద కండరాలతో జరిగేవి. వీటిని మనవాళ్ళు ఎప్పటినుంచో ముచ్చటగా లెక్కపెట్టుకుంటూనే ఉన్నారు. బోర్లాపడితే బొబ్బట్లు, అడుగులకు అరిసెలు పంచడం మన ఇళ్ళలో ఇంకా పోలేదు. అయితే పక్కింటి పాపకు అరిసెలు పంచి నెలయింది, మావాడు ఇంకా లేవడం లేదని దిగులుపడి మా దగ్గరకు వచ్చిన తల్లులు కొందరున్నారు. మన దేశంతో కలిపి అయిదు దేశాల పిల్లలను గమనించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ప్రకటించిన కొలతల్లో ఆసరా లేకుండా నడవడానికి సుమారు 8 నెలల నుంచి పదిహేడున్నర నెలల దాకా గడువుంది. ఆ పిల్లల్లో నూటికి నలుగురికి పైగా చేతులు, మోకాళ్ళమీద పారాడకుండానే నడకకు వచ్చారు కూడా. ఈ సంగతిని కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టిన తరువాత పోలికలు కొంత తగ్గాయి, పూర్తిగా ఆగాయని మాత్రం చెప్పలేము.

ఏడాదిలోపు పాపల కోసం శనివారం సాయంత్రాలు కమ్యూనిటీ హాలులో జంపఖానా పరిచి, దానిమీద ఉతికిన దుప్పట్లు వేసి ఆడించాము. ఈ వయసులో ఇంకా పారాడడం రాని పిల్లలు మెలకువగా ఉన్నప్పుడు రోజు మొత్తంమీద కనీసం 30 నిమిషాలు బోర్లా గడపాలి. డాక్టర్లు వెల్లకిలా పడుకోబెట్టమన్నారు కదా అని చాలామంది సందేహించారు. నిద్రకు వెల్లకిలా, ఆటకు బోర్లా అని, ఆటలో ఉన్నంతసేపూ పెద్దవాళ్ళ కళ్ళు పాపమీదే ఉండాలని, మన కాలనీలోనే ఉంటున్న ఫిజియోథెరపిస్టు ఒకరు వచ్చి విడమరచి చెప్పారు. చంకల కింద చుట్టిన తువ్వాలు పెట్టి, ఎదురుగా మనమూ నేలమీద పడుకుని పిలిస్తే పాప తల ఎత్తుతుంది. మేము కొన్న గిలకలకు తల తిప్పని ఒక పాప, ఎవరి సంచిలోంచో జారిపడిన స్టీలు గిన్నె తళతళను చూసి, మోచేతులమీద లేచి, దానికోసం ఒళ్ళంతా ఊపుకుంటూ జానెడు ముందుకు జరిగింది. అప్పటినుంచి హాలు వంటగదిలోని గిన్నెలే మా ఆటసామాను.

వాకర్ల విషయంలో మాకూ కొందరు సభ్యులకూ మాటామాటా వచ్చిన మాట నిజం. చక్రాల వాకర్‌లో కూర్చున్న పిల్లవాడు మునివేళ్ళతో నేలను తన్నుకుంటూ దొర్లుతాడే కానీ తన బరువు తాను మోయడు. పైగా మెట్లదాకా, పొయ్యిదాకా క్షణంలో చేరిపోతాడు. కెనడా 2004లో వీటిని నిషేధించింది. వెనక నిలబడి తోసుకుంటూ పోయే మన పాతకాలపు మూడు చక్రాల చెక్కబండి వేరు, దానిలో బరువంతా పిల్లవాడి కాళ్ళమీదే ఉంటుంది. అందుచేత హాలుకు రెండు చెక్కబండ్లు తెప్పించాము. గ్రానైట్ నేలమీద అవి మరీ వేగంగా జారుతున్నందున వాటిని జంపఖానా మీదే తోయిస్తున్నాము.

నడక వచ్చిన పిల్లలకు ఆదివారం ఉదయం ఏడు గంటలకు ఖాళీ ప్లాటులో ఆటలు పెట్టాము. మొదటి నెలలో పరుగుపందెం పెట్టి బహుమతులు ఇచ్చాము. చివర వచ్చిన చిన్నారి రెండు వారాలు ప్లాటు ముఖం చూడలేదు. బహుమతులు ఆపేశాము, వచ్చే పిల్లల సంఖ్య పెరిగింది. ఆ తరువాత కప్పగంతులు, దాగుడుమూతలు, నాలుగు స్తంభాలాట, ముగ్గుపిండితో గీసిన తొక్కుడుబిళ్ళ గళ్ళు సాగాయి. మూడేళ్ళవాళ్ళు గళ్ళలో రెండు కాళ్ళతో దూకితే చాలు, ఒంటికాలి కుంటి సాధారణంగా నాలుగైదేళ్ళకు కుదురుతుంది. బంతాటకు గాలి కొద్దిగా తీసిన పెద్ద బంతి మంచిది, మెత్తగా ఉండి చేతికి చిక్కుతుంది. ఇన్ని ఏర్పాట్లు చేసినా రెండేళ్ళ పిల్లల మనసు దోచుకున్నది మాత్రం ప్లాటు పక్కనున్న సెల్లార్ ర్యాంపే. ఒక బాబు దాన్ని పాకుతూ ఎక్కి, అంచున నిలబడి వెనక్కు చూసి, తాతగారి వేలు విదిలించుకుని పొట్ట ముందుకు పెట్టి దిగాడు, కూలబడ్డాడు, లేచాడు, మళ్ళీ ఎక్కాడు. వాడికి నడుము బలం, సమతూకం నేర్పింది ఆ వాలు. ఆ అపార్ట్‌మెంటువారు ఆదివారాలు గంటసేపు కార్లు తీయకుండా సహకరించినందుకు ఈ నివేదిక ద్వారా కృతజ్ఞతలు తెలుపుతున్నాము.

జారుడుబల్ల విషయంలో జరిగిన పొరపాటును దాచడం మాకు ఇష్టం లేదు. బురద కాకుండా ఉంటుందన్న గుత్తేదారు మాట నమ్మి దాని కింద సిమెంటు టైల్స్ వేయించడానికి ఒప్పుకున్నది మేమే. జులైలో ఒక పాప మెట్టుమీది నుంచి జారి గడ్డం పగలగొట్టుకుంది, కుట్లు పడ్డాయి. మరునాడే టైల్స్ పెకలించి ఇసుక పోయించాము. నాలుగు అడుగుల ఎత్తునుంచి పడితే తట్టుకోవడానికి 9 అంగుళాల లోతున వదులు ఇసుక ఉండాలని అమెరికా వినియోగదారుల భద్రతా సంస్థ సూచిస్తున్నది. మన బల్ల ఎత్తు అంతకన్నా తక్కువే. అయితే ఇసుక పోసేసి చేతులు దులుపుకుంటే చాలదని వారం తిరగకుండానే తెలిసింది. తొక్కినకొద్దీ అది గట్టిపడుతుంది, బల్ల చివర గొయ్యి పడి ఇసుక అంచులకు చేరుతుంది, రాత్రి పిల్లులు వచ్చి తమ పని కానిచ్చి పోతాయి. ఇప్పుడు వాచ్‌మన్ సాయంత్రం టార్పాలిన్ కప్పుతున్నాడు, ఆదివారం ఆటకు ముందు ఇద్దరు సభ్యులు పారతో తిరగేస్తున్నారు.

వానలకు కొన్ని ఆదివారాలు పోయాయి. గణేశ్ మండపం వేసిన రోజుల్లో ప్లాటు మాకు దక్కలేదు; మండపం తీశాక మేకులు, తీగముక్కలు ఏరడానికి మరో ఆదివారం పట్టింది. ఆ లోటును బతుకమ్మ కొంత తీర్చింది. అమ్మమ్మల వలయంలో చేరి, వంగి చప్పట్లు కొడుతూ, పక్కకు అడుగు వేస్తూ తిరిగిన నాలుగేళ్ళ పిల్లలు రోజూ చీకటి పడేదాకా ఇంటికి రాలేదు. కాళ్ళూ చేతులూ లయకు కలపడానికి అంతకన్నా మంచి ఆట మేమైతే తయారుచేయలేకపోయాము.

ఒక సున్నితమైన విషయం ఉంది. పిల్లల ఎదుగుదలను అంచనా వేయడం ఉపసంఘం పని కాదు. అయినా పద్దెనిమిది నెలలు దాటినా నడవని పిల్లలను, అంతకుముందు నేర్చుకున్న పనిని మరిచిపోతున్న పిల్లలను, ఏడాది నిండకముందే ఒక చేతినే వాడుతున్న పిల్లలను ఆలస్యం చేయకుండా పిల్లల డాక్టరుకు చూపించాలని హాలులో బోర్డు పెట్టాము. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఇటువంటి పరీక్షలు ప్రభుత్వపరంగా ఉచితంగా జరుగుతాయి. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లోని మేధో వైకల్యం ఉన్నవారి కోసం నడిచే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐఈపీఐడీలో పసివయసులోనే సాయం అందించే విభాగం ఉంది. ఎవరు ఎవరిని సంప్రదించారన్న సంగతిని మేము అడగలేదు, ఎక్కడా రాయలేదు.

వచ్చే సంవత్సరానికి మీ ఆమోదం కోరుతున్నవి మూడు. గణేశ్ మండపాన్ని ప్లాటు తూర్పు కొసకు జరిపి ఇసుక ఉన్న భాగాన్ని పిల్లలకు వదలాలి. జూన్ వానలు మొదలవకముందే ఇసుకను మళ్ళీ 9 అంగుళాల లోతుకు నింపాలి. జారుడుబల్ల పక్కన మరో ఆటసామాను కొనాలన్న ప్రతిపాదనను పక్కనపెట్టి, ఆ సొమ్ముతో ప్లాటు మూలన రెండడుగుల ఎత్తు మట్టిదిబ్బ ఒకటి పోయించాలి. ర్యాంపు అపార్ట్‌మెంటువారి ఓపికకూ ఒక హద్దుంటుంది కదా. ఇసుక తిరగేసేవారి పేర్ల పట్టిక హాలు తలుపు పక్కన అంటించాము. అందులో మే నెల ఆదివారాలు నాలుగూ ఇంకా ఖాళీగానే ఉన్నాయి.

కార్యదర్శి,
పసిపిల్లల ఆటల ఉపసంఘం, హైదరాబాద్