మిగిలినవాళ్ల దగ్గరికి ఎవరు వెళ్తారు?

సంపాదకులకు నమస్కారం.

ఇంటర్ ఫలితాల వారంలో విద్యార్థుల ఆత్మహత్యల వార్తలు చదివినప్పుడల్లా ఆ ఇంటివాళ్లు ఇప్పుడెలా ఉన్నారోననిపిస్తుంది. మా తమ్ముడు 2019లో అలాగే వెళ్లిపోయాడు. పదకొండో రోజు దాకా ఇంటినిండా జనం. అందరిదీ ఒకటే ప్రశ్న: "మీకు ముందే తెలియలేదా?" ఆ తర్వాత గుమ్మం తొక్కినవాళ్లు లేరు. అమ్మ పేరంటాలకు వెళ్లడం మానేసింది. నాన్న ఇప్పటికీ వాడి పేరెత్తరు.

వీధి చివరి పిన్ని ఒక్కతే రోజూ సాయంత్రం వచ్చి, ఏమీ అడక్కుండా అమ్మ పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఒలిచేది. వాడి అల్లరి గురించి, వాడి పేరు పెట్టి మరీ మాట్లాడేది. అమ్మ మొదటిసారి గట్టిగా ఏడ్చింది ఆమె దగ్గరే.

2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన మానసిక సాయం ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416 చావాలనిపించేవాళ్లకే అనుకున్నాను. కాదు. అయినవాళ్లను పోగొట్టుకున్నవాళ్లూ ఏ వేళనైనా, తెలుగులోనే, ఉచితంగా మాట్లాడొచ్చు. నేను చాలా ఆలస్యంగా ఫోన్ చేశాను. ఆ రాత్రి నిద్రపట్టింది.

ఇలాంటి వార్త వేసినప్పుడల్లా ఆ నంబరును కుటుంబాల కోసం కూడా అని రాసి వేయండి. సర్కారు తరఫున మా ఇంటికి వచ్చింది పంచనామా రాసుకున్నవాళ్లే. గర్భిణుల ఇళ్లకు వెళ్లే ఆశా కార్యకర్తలను ఈ ఇళ్లకూ, కనీసం మొదటి ఏడాది, నెలకోసారైనా పంపమని ప్రభుత్వాన్ని కోరుతున్నాను.

- ఒక అక్క, వరంగల్