పేరు చెప్పకుండా వెళ్లిపోయిన మేడమ్ గారికి

మా సాఫ్ట్‌వేర్ డెమో అయ్యాక వెనక వరసలోంచి లేచొచ్చి మా పక్కన కూర్చున్న మేడమ్, మీ పేరు తెలియదు కాబట్టి ఇలా అందరి ముందూ కృతజ్ఞతలు. కోడ్ బాగుందని మెచ్చుకుని ఊరుకోలేదు మీరు. మేం వాడిన ఓపెన్ సోర్స్ లైబ్రరీల (వేరేవాళ్లు రాసి అందరికీ తెరిచి ఉంచిన రెడీమేడ్ కోడ్) లైసెన్సులన్నీ తెరిపించారు. ఎంఐటీ లైసెన్సు అయితే కాపీరైట్ నోటీసూ లైసెన్సు పాఠమూ ఉంచితే చాలనీ, జీపీఎల్ లైసెన్సున్న కోడ్ కలిపిన ప్రోగ్రామ్ ఇతరులకిస్తే దాని సోర్సు కోడ్ కూడా ఇవ్వాలనీ విడమరిచి చెప్పారు.

ఇక కంపెనీలో మా ఇద్దరి వాటాల సంగతి! స్నేహితులం కదా, చెరిసగం అనుకుంటున్న మాకు వెస్టింగ్ ఏమిటో కాగితం మీద గీసి చూపించారు: వాటా 4 ఏళ్లలో విడతలుగా దక్కాలి, మొదటి ఏడాది నిండకుండా వెళ్లిపోతే ఏమీ రాదు. (కోడింగ్ నేర్పేవాళ్లు బోలెడుమంది, ఇది చెప్పేవాళ్లేరీ?) ఆ గీతలే ఇప్పుడు మా ఒప్పందమయ్యాయి, ఇద్దరం సంతకాలు పెట్టేశాం.