మైనస్ గుర్తు దగ్గర ఆగు

ఒరేయ్ రఘూ,

కణభౌతికంలో థియరీ వాళ్లు రోజంతా ఏం చేస్తారని అడిగావు కదా. కొత్త ఊహలు చేసేది కొద్ది సేపేరా. మిగతా అంతా చేసిన లెక్క తప్పేమోనని వెతుక్కోవడమే.

ఎలక్ట్రాన్ జీ విలువనే తీసుకో, అంటే అది ఎంత బలమైన చిన్న అయస్కాంతమో చెప్పే సంఖ్య. డిరాక్ సమీకరణం ప్రకారం అది సరిగ్గా 2. రెండుకి పైన ఎంత వస్తుందో, అందులో సగాన్ని ష్వింగర్ 1948లో లెక్కగట్టాడు: ఆల్ఫాని (విద్యుదయస్కాంత బలం ఎంతో చెప్పే సంఖ్య) రెండు పైలతో భాగిస్తే సుమారు 0.00116. ఆ లెక్కకి ఒక్క ఫైన్‌మన్ బొమ్మ చాలు, అంటే కణాలు ఒకదానితో ఒకటి ఎలా తలపడతాయో చూపే గీతల బొమ్మ. ఇంకా సూక్ష్మంగా కావాలంటే బొమ్మలో మూసుకున్న చుట్లు, అంటే లూపులు, పెరుగుతాయి: రెండు లూపులకి 7 బొమ్మలు, మూడింటికి 72, నాలుగింటికి 891, ఐదింటికి 12,672! అక్కడ చేతిలెక్క కుదరదు, ఫార్మ్ లాంటి, అక్షరాలతో బీజగణితం చేసే కంప్యూటర్ ప్రోగ్రాములకి అప్పగించాల్సిందే.

అందుకే లెక్కలోనే ఉచ్చులు పెట్టుకోవాలి. గేజ్ పరామీటర్‌ని (మనం ఇష్టమొచ్చిన విలువ ఇచ్చుకోగల, జవాబు మీద ప్రభావం ఉండకూడని సంఖ్య) 1 అనేసుకోకుండా అక్షరంగానే మోసుకెళ్లు. చివర్లో అది పూర్తిగా కొట్టుకుపోవాలి. మిగిలిందా, ఏదో బొమ్మ వదిలేశావు, లేదా ఒకే బొమ్మని పదేపదే లెక్కపెట్టకుండా భాగించే సిమెట్రీ ఫ్యాక్టర్ తప్పింది. లెక్క మధ్యలో వచ్చే అనంతాలు కూడా రీనార్మలైజేషన్ తర్వాత, అంటే వాటిని కొలిచిన ఆవేశం, ద్రవ్యరాశుల్లో కలిపేశాక, మాయమవ్వాలి.

కానీ ఒక ముక్క మొత్తానికీ గుర్తు తారుమారైతే ఈ ఉచ్చులేవీ పట్టుకోలేవు. ఎలక్ట్రాన్‌కి బరువైన అన్నలాంటి మ్యువాన్ జీ లెక్కలో సరిగ్గా అదే జరిగింది. కాంతితో కాంతి ఢీకొనే భాగంలో పయాన్ అనే కణం వాటా మైనస్ అని రెండు బృందాలు విడివిడిగా తేల్చాయి. 2001లో క్నెక్ట్, నిఫెలర్ అనే ఇద్దరు భౌతికశాస్త్రవేత్తలు వేరే దారిలో చేస్తే ప్లస్ వచ్చింది! మొదటి రెండు బృందాల్లో ఒకదానికి చెందిన హయకావా, కినోషిటా తమ లెక్క తిరగదోడి కారణం పట్టుకున్నారు: రెండు లెవి-చివిటా టెన్సర్లని (సూచికలు తారుమారైతే గుర్తు మారే పట్టికలు) గుణిస్తే, దేశకాలాలకి వాడే మింకోవ్‌స్కీ మెట్రిక్‌లో ఒక మైనస్ రావాలి, ఫార్మ్ దాన్ని తనంతట తాను వెయ్యదు. ఆ ఒక్క గుర్తు సరిచేసేసరికి అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాల కొలతకీ సిద్ధాంతానికీ ఉన్న తేడా 2.6 సిగ్మా (లెక్కలోని అనిశ్చితికి ఎన్ని రెట్లో చెప్పే కొలత) నుంచి 1.6కి పడిపోయింది. తమ తప్పుకి కారణం తామే తవ్వి, రాసి అచ్చేసిన ఆ పద్ధతంటే నాకు చాలా గౌరవం.

ఉద్యోగం సంగతి. పీహెచ్‌డీ తర్వాత రెండు మూడేళ్ల పోస్ట్‌డాక్‌లు (తాత్కాలిక పరిశోధన ఉద్యోగాలు), తరచు ఒకటికి మించి, చాలాసార్లు దేశం మారుతూ. ఈ రంగంలో పేపర్ మీద పేర్లు అక్షరక్రమంలో ఉంటాయి, కాబట్టి నీ పేరు ముందున్నా వెనకున్నా ఒకటే. నువ్వు చేసిన పనేమిటో చెప్పేవి సిఫారసు ఉత్తరాలే. అందుకే గైడ్ చేసిన లెక్కని ఆయన నోట్సు చూడకుండా, వేరే దారిలో, రెండోసారి చేసివ్వు. నీ పని ఆయనకి కళ్లారా కనబడేది అక్కడే.

ముందు ష్వింగర్ లెక్క చేసి చూడు, గేజ్ పరామీటర్‌ని వదలకుండా. అది కొట్టుకుపోకపోతే పేజీలన్నీ ఫొటో తీసి పంపు, కొట్టేసినవి కూడా.

నీ
శీను