గునుగు పూలు తీసుకురా మామా

హైదరాబాద్,
ఆదివారం మధ్యాహ్నం

అరేయ్ మామా,

ఫోన్ చేస్తే "పొలంలో ఉన్నా, తర్వాత మాట్లాడతా" అంటావు. ఆ తర్వాత అనేది ఎప్పటికీ రాదు. వాట్సాప్‌లో మూడు నిమిషాల వాయిస్ పంపితే ఒక బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకుంటావు. అందుకే కాగితం పట్టుకున్నాను. చాయ్ పెట్టించుకొని కూర్చో. చివర్లో నీతో పని ఉంది, మధ్యలో మడిచి జేబులో పెట్టుకోకు.

"ఆదివారం కూడా బడికి పోతున్నావంట, మళ్లీ పదో తరగతి రాస్తున్నావా" అని అడిగావు కదా. మీ చెల్లె చెప్పి ఉంటుంది. సంగతి ఏంటంటే, పోయిన నవంబర్‌లో చిన్నదాని బడిలో మీటింగ్ పెట్టారు. మెహదీపట్నం దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కొని అరగంట ఆలస్యంగా పోయాను. అప్పటికే నా పేరు కమిటీలో రాసేశారు. దుకాణంలో లెక్కలు రాస్తాడు కాబట్టి ఇక్కడా రాస్తాడని. రానివాడి నెత్తినే పని పడుతుందని మన హాస్టల్ రోజుల నుంచీ తెలిసిందే కదా!

సర్కారు బడి కమిటీ అంటే ఉత్తదే అనుకునేవాణ్ని. 2009 విద్యా హక్కు చట్టం ప్రకారం అందులో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలంట, మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు ఉండాలంట. 2024లో వచ్చిన అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలో మహిళా సంఘం అక్కలు ఉన్నారు, రిపేర్ల సంగతి వాళ్లు చూస్తున్నారు. మరి మాకేం మిగిలిందిరా అంటే, ఎవరి ఖాతాలోకీ రాని పనులు. మా బడిలో కథల పుస్తకాలు గోనె సంచుల్లో ఉన్నాయి మామా. ఒక సంచికి చెదలు పట్టింది. రెండు ఇనుప బీరువాలు కావాలి, ఒక్కోటి 9,000.

పెద్దసారు మొదటి రోజే చెప్పేశాడు. "పిల్లల దగ్గర ఒక్క రూపాయి అడగొద్దు. చందా అన్న మాట క్లాసుగదిలో వినబడొద్దు." మంచి మనిషి, కానీ భయస్తుడు. ఏ కాగితం మీదైనా సంతకం పెట్టే ముందు రెండుసార్లు కళ్లద్దాలు తుడుచుకుంటాడు. పిల్లల్ని అడగకూడదంటే ఏదో ఒకటి అమ్మాలి. ఆటో నడిపే అన్న ఒకాయన లేచి, "లక్కీ డ్రా పెడదాం, ఫస్ట్ ప్రైజు మిక్సీ" అన్నాడు. అందరం చప్పట్లు కొట్టాం. పెద్దసారు మొహం తెల్లబోయింది. మన రాష్ట్రంలో లాటరీలు బంద్ కదా, బడి గేటుకే లాటరీ టికెట్లు కడతారా అన్నాడు. మిక్సీ అక్కడే ఆగిపోయింది.

తర్వాత పాత పేపర్లు. ఇంటింటికీ తిరిగి పదిహేను రోజులు కూడబెట్టి బడి వరండాలో పేర్చాం. నల్లా నీళ్లు రోజు విడిచి రోజు రాత్రి పూట వస్తాయి కదా, ఆ రాత్రి వాల్వు కట్టడం మరిచిపోయారు. ట్యాంకు పొంగి సగం పేపర్లు నానిపోయాయి. పొద్దున పేపర్లాయన వచ్చి ఒక కట్ట ఎత్తి చూసి, "నీళ్లకు కూడా పైసలియ్యాల్నా సార్" అన్నాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పొడిగా ఉన్నవాటికి 1,140 వచ్చింది.

సంక్రాంతికి సకినాలు మొదలుపెట్టాం. ఇది మాత్రం దుమ్ము లేపింది. ఆరుగురు తల్లులు నాలుగు రాత్రులు కూర్చొని, తడి బియ్యప్పిండిలో నువ్వులు, వాము కలిపి, బట్ట మీద చుట్లు చుట్లుగా వేశారు. సకినం చుట్టడం ఎంత కష్టమో నీకు తెలుసు, మీ అమ్మ చుడుతుంటే మనం తినడానికే పనికొచ్చేవాళ్లం. 38 కిలోలు అయింది. కిలో 400 చొప్పున రెండు రోజుల్లో అయిపోయాయి. 15,200 వచ్చింది. సరుకుల ఖర్చు 6,300 పోగా 8,900 మిగులు. నేను మీటింగ్‌లో లేచి, బడ్జెట్ చదివే మంత్రిలాగా చదివాను.

అప్పుడు వెనక నుంచి ఒకామె, ఇళ్లలో పని చేసుకునే అక్క, కూర్చున్న చోటు నుంచే అడిగింది. "అన్నా, మా కూలి ఏడ రాసినవ్?"

నేను పుస్తకం తిరగేశాను. ఎక్కడా లేదు. నూనెకు రాశాను, గ్యాస్‌కు రాశాను, కవర్లకు 120 కూడా రాశాను. ఆరుగురు, నాలుగు రాత్రులు, తక్కువలో తక్కువ 500 కూలి వేసుకున్నా 12,000. అంటే మిగులు కాదురా, 3,100 నష్టం. ఆ అక్క కూలి ఇమ్మని అడగలేదు, "రాయి, అంతే" అంది. ఇరవై ఏళ్లుగా లెక్కలు రాస్తున్నాను మామా, ఎంత సిగ్గేసిందో. ఆ రాత్రే పుస్తకంలో ఒక కొత్త గడి గీశాను, "ఇచ్చిన పని" అని. ఇప్పుడు ఎవరు ఏ పని చేసినా, ఎన్ని గంటలు చేశారో అందులో ఎక్కుతుంది. ఎక్కించడం మొదలుపెట్టాక తెలిసింది, ఎప్పుడూ అవే ఐదారు పేర్లు. అందరూ ఆడవాళ్లే. మేం మగవాళ్లం సలహాల గడి గీస్తే దాంట్లో ముందుంటాం.

ఆ జనవరిలోనే చిన్నదాన్ని నాంపల్లి ఎగ్జిబిషన్‌కు తీసుకుపోయాను. పెద్దసారు చెప్పేదాకా నాకు తెలియదు, మనం మిర్చి బజ్జీలకూ జెయింట్ వీల్‌కూ పోయే నుమాయిష్ అసలు చందా పని లాంటిదేనంట. 1938లో ఉస్మానియాలో చదివిన కుర్రాళ్లు, అప్పటి హైదరాబాద్ రాష్ట్రంలో ఆర్థిక సర్వే చేయడానికి డబ్బులు కావాలని పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలుపెట్టారు. ఇప్పటికీ ఎగ్జిబిషన్ సొసైటీ ఆ రాబడితో కాలేజీలు నడుపుతోంది. మీ అక్క చదివిన వనితా మహావిద్యాలయ కూడా వాళ్లదే. గాజుల దుకాణాల మధ్య నిలబడి, అప్పట్లో ఆ కుర్రాళ్ల లెక్కల పుస్తకంలో కూలి గడి ఉండేదా అని ఆలోచిస్తుంటే, చిన్నది నా జేబులోంచి వంద లాక్కొని పీచుమిఠాయి దగ్గరికి పోయింది.

ఇక తోట సంగతి. దీని కోసమే ఇంత రాసింది.

మార్చి మీటింగ్‌కు ఒక భాయ్ వచ్చాడు. ఆయన కూతురు, మా చిన్నది ఒకటే క్లాసు. గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌లో హమాలీ పని చేస్తాడు. ఎప్పుడూ మాట్లాడడు. ఆ రోజు మాత్రం, "మార్కెట్‌లో రోజూ వాడిన పూలు కుప్పలు కుప్పలు పారేస్తున్నరు, తీసుకొస్తా, ఎరువు చేద్దాం" అన్నాడు. అప్పటికి ఒక బీరువా కొన్నాక మా దగ్గర మిగిలింది 1,040. ఆ డబ్బుతో తోట అంటే నర్సరీవాడు గేటు దగ్గరే నవ్వుతాడు. ఎరువు ఊరికే వస్తుందంటే ఎవరు కాదంటారు?

బడి వెనక క్లాసుగది అంత జాగా ఉంది. తవ్వితే మట్టి కాదు మామా, పాత గోడ ఇటుకలు, మొరం, దాని కింద హైదరాబాద్ బండ. గడ్డపార వేస్తే నిప్పురవ్వలు. చేసేదేం లేక ఇటుకలు పేర్చి, పైన మడులు కట్టాం. భాయ్ తెచ్చిన పూలను ఎండుటాకులతో వరసలు వరసలుగా వేసి, తడిపి, కప్పాం. పూలలోంచి దారాలు ఏరే పని పిల్లలది. ఎండాకాలం సెలవుల్లో దాన్ని తిరగేసింది బడిలో వంట చేసే అక్క. ఆమె ఇల్లు గోడ పక్కనే. పుస్తకంలో ఆమె పేరు కింద 31 గంటలు ఉన్నాయి. జూన్ 12న బడి తెరిచేసరికి కుప్ప సగానికి దిగి, నల్లగా, వాన పడ్డ నేల వాసనతో ఉంది. నేను పిడికిట్లో పట్టుకొని అందరికీ చూపించాను, నేనే చేసినట్టు.

పెద్దసారు అప్పుడు ఫైల్లోంచి ఒక కాగితం తీశాడు. బడుల్లో పోషకాహార తోటలు వేయాలని కేంద్రం 2019లోనే మార్గదర్శకాలు ఇచ్చిందంట. కాగితం మీద మా తోట వయసు నా కూతురి వయసంత ఉంది! అందుకని మొదట గోంగూర, టమాటా, పాలకూర వేశాం, పిల్లల పప్పులోకి వస్తాయని. పళ్లేలు కడిగిన నీళ్లు మోరీలోకి పోకుండా కాలువ తీసి కరివేపాకు, మునగ పాదుల్లోకి మళ్లించాం. గోంగూర బాగా వచ్చింది. ఒక్కసారి పప్పులో పడింది. రెండోసారి కోద్దామనుకున్న రోజు మధ్యాహ్నం ఎవరో గేటు తీసి పెట్టారు, బస్తీలో మేక ఒకటి వచ్చి గోంగూర మడి మొత్తం నున్నగా గీసిపెట్టింది. రెండో తరగతి పిల్లలు ఏడ్చారు. మేక ఎవరిదో అందరికీ తెలుసు, ఎవరూ చెప్పరు. అది కమిటీ మెంబరుదే.

కానీ బంతి మడులను అది ముట్టలేదు. ఆ వాసన పడలేదో, అప్పటికే కడుపు నిండిందో. టమాటా పక్కన బంతి వేస్తే వేళ్లకు పట్టే నులిపురుగులు తగ్గుతాయని ఫోన్లో నువ్వు చెప్పావు కదా, అందుకే నాలుగు మొక్కలు వేద్దామనుకున్నాం. సైన్సు టీచరమ్మ ప్యాకెట్టు మొత్తం నారు పోసేసింది. అలా 300 మొక్కలయ్యాయి. జూలైలో నాటాం. నువ్వు తలలు తుంచమంటే పిల్లలు వినలేదు, మొక్క చచ్చిపోతుందని ఒకటే గోల. ఒక వరస తుంచి, ఒక వరస వదిలేశాం. ఇప్పుడు వచ్చి చూడు, తుంచిన వరస గుబురుగా కొమ్మ కొమ్మకూ మొగ్గ. తుంచని వరస ఈత కర్రల్లాగా నిలబడింది. మా చిన్నది ఆ రెండు వరసల మధ్య నిలబడి వచ్చినవాళ్లందరికీ పాఠం చెబుతోంది.

నీకు అర్థమయ్యే ఉంటుంది. బతుకమ్మకు అమ్ముదామని. మొక్కకు పావు కిలో వేసుకున్నా 75 కిలోలు. పండగ రోజుల్లో కిలో వంద పలికినా 7,500. భాయ్ కాటా తెస్తానన్నాడు, మార్కెట్ ధర ఏ పూటకాపూట చెబుతానన్నాడు. రెండో బీరువాకు ఇంకా కొంత తక్కువ పడుతుంది, చూద్దాం. ఈసారి ఇచ్చిన పని గడి కూడా కాస్త బాగుంది. ఆదివారాలు మగవాళ్లు వస్తున్నారు. మొదట్లో ఇద్దరం, ఇప్పుడు తొమ్మిది మంది. పుస్తకం గోడకు వేలాడదీశాక వచ్చారులే, ఊరికే కాదు. సకినాల అక్క రోజూ వచ్చి ఆ పేజీ చూసి పోతుంది. నా పేరు ఆమె పేరు కంటే ఇంకా కిందే ఉంది.

ఇప్పుడు నీ పని. వట్టి బంతిపూలతో బతుకమ్మ ఏంటని ఆడవాళ్లు తీసిపారేశారు. గునుగు లేకపోతే కింది వరసలు ఎట్లా నిలబడతాయి, తంగేడు లేకపోతే అది బతుకమ్మా అన్నారు. ఈ సిటీలో గునుగు కట్ట కొనాలంటే ధర అడగాలంటేనే భయం. మీ చేను గట్ల మీద గునుగు కలుపులాగా పెరుగుతుంది, నువ్వే తిట్టుకుంటూ పీకేస్తావు. ఈసారి పీకకు. బతుకమ్మ మొదటి రోజు ఎంగిలిపూలు కదా, దానికి ముందు రోజు రెండు బస్తాల గునుగు, దొరికినంత తంగేడు కోసి జనగామలో బస్సెక్కు. కోసినవాళ్లకు కూలి ఎంతయిందో చీటీ మీద రాసి తీసుకురా, నువ్వే కోస్తే గంటలు రాయి. ఊరికే తెచ్చానంటే ఇక్కడ ఒప్పుకోరు. గునుగు తలలకు రంగులు అద్దే పని పిల్లలు తీసుకున్నారు, గులాబీ రంగు పొట్లాలు ఇప్పటికే కొనిపెట్టారు. ముదిరిన గునుగు కంకులు కూడా ఓ గుప్పెడు వేరుగా కట్టు, వచ్చే ఏడాది గోడ వెంట చల్లుతాం.

ఉప్పల్‌లో దిగి ఫోన్ చెయ్యి. ఆటో అన్నను పంపిస్తా, మిక్సీ అన్న అంటే పలుకుతాడు. బస్తాలు నీళ్లు చల్లి తడిగుడ్డతో కప్పు, ఎండలో పెట్టకు. వదినను, పిల్లల్ని కూడా తీసుకొస్తే మీ చెల్లె సంతోషిస్తుంది. నువ్వొక్కడివే వస్తే మాత్రం పొద్దున ఆరింటికి నిన్ను పూలు కోయడానికి తీసుకుపోతా, ముందే చెబుతున్నా.

నీ
లెక్కల మామ