నంది కొండంటే సన్‌రైజ్ ఒక్కటేనా?

ఎడిటర్ గారికి నమస్కారం,

బెంగళూరులో ఉండే మన తెలుగువాళ్ళు వీకెండ్ వస్తే చాలు తెల్లారకముందే నంది హిల్స్‌కి బయల్దేరతారు, మబ్బుల్లో ఫోటోలు దిగి టిఫిన్ టైముకల్లా కిందికి వచ్చేస్తారు, ఆ కొండ మీదున్న చరిత్ర మాత్రం ఎవరికీ పట్టట్లేదు, అదే నా బాధ. 1791లో బ్రిటిష్ గవర్నర్ జనరల్ కార్న్‌వాలిస్ సైన్యం టిప్పు సుల్తాన్ చేతుల్లోంచి లాక్కున్న కోటండీ అది. తర్వాత దొరలు వేసవికి బంగళాలు కట్టుకున్నారు, అప్పట్లో మైసూరుకి బ్రిటిష్ కమిషనర్‌గా ఉన్న మార్క్ కబ్బన్ బంగళా ఇప్పటికీ ఉంది. 1936లో గాంధీగారు ఒంట్లో బాలేక విశ్రాంతికి వచ్చింది కూడా ఈ కొండకే.

కొండ కిందున్న సుల్తాన్‌పేట వైపు నుంచి పాత రాతిమెట్ల దారి ఒకటుంది, వెయ్యికి పైనే మెట్లు. నాకైతే కొండ మొత్తంలో అదే ఇష్టం. అంచులు అరిగిపోయి నున్నగా ఉంటాయి, వాన పడితే జారతాయి, పక్కన కోటగోడ రాళ్ళ సందుల్లో చెట్ల వేర్లు దూరి ఉంటాయి, ఆ వేర్లలోనే చిప్స్ ప్యాకెట్లు, నీళ్ళ బాటిళ్ళు కుక్కేసి పోతున్నారు, చూస్తే కడుపు మండిపోతుంది.

సంబంధిత అధికారులకి మీ పేపర్ ద్వారా నా రిక్వెస్ట్ ఏంటంటే, బంగళాల ముందు వివరంగా బోర్డులు పెట్టండి, కన్నడ, ఇంగ్లీషుతో పాటు తెలుగులో కూడా, చిక్కబళ్ళాపురం చుట్టుపక్కల తెలుగు మాట్లాడేవాళ్ళు చాలామందే ఉన్నారు. మెట్ల దగ్గర ఒక్కో బాటిల్‌కి డిపాజిట్ తీసుకుని, ఖాళీది వెనక్కి తెస్తేనే డబ్బులు ఇవ్వండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, మారతహళ్ళి, బెంగళూరు